అక్షరం మారింది, అడ్రసు మీరే వెతుక్కోండి

ఏ, బీ చచ్చిపోయి చాలా ఏళ్లయింది. అయినా వాటి కుర్చీల్లో ఇంకొకరిని కూర్చోబెట్టరు.

1981లో ఐబీఎం తన మొదటి పీసీని అమ్మకానికి పెట్టినప్పుడు అందులో హార్డ్ డిస్కు లేదు. ఫ్లాపీలే. మొదటి ఫ్లాపీకి ఏ, రెండోదానికి బీ. 1983లో పీసీ ఎక్స్‌టీ పది మెగాబైట్ల హార్డ్ డిస్కును వెంటేసుకుని వచ్చేసరికి ముందు వరస నిండిపోయి ఉంది. మూడో కుర్చీ చూపించారు. అదే సీ. ఆ తర్వాత ఫ్లాపీ ముసలిదైంది, మంచం పట్టింది, 2011లో సోనీ కూడా తయారీ ఆపేసి తులసి తీర్థం పోసింది. చనిపోయినవాళ్ల పేరు మీద పింఛన్లు పోతున్నాయని మన ఊళ్లలో సర్వేలు చేస్తారు, పేర్లు కొట్టేస్తారు, ఊపులో ఉంటే బతికున్నవాళ్లవీ కొట్టేస్తారు. విండోస్‌లో మాత్రం ఆ సర్వే ఇంకా జరగలేదు. ఈ ఉదయం జనగామలో కొన్న ఎస్ఎస్‌డీ, ఫ్లాపీ మొహం ఎన్నడూ చూడనిది, అదీ వినయంగా వెళ్లి మూడో కుర్చీలోనే కూర్చుంటుంది.

కూర్చుంటే కూర్చుంది. తాను కూర్చోవడం కోసం మిగతావాళ్లందరినీ తలా ఒక కుర్చీ వెనక్కి జరిపిస్తుంది చూడండి, రగడంతా అక్కడ మొదలవుతుంది.

జనగామలోనో మానుకోటలోనో ఒక ఫ్లెక్సీ షాపు తీసుకోండి. ముందు గదిలో కంప్యూటరు, వెనక గదిలో ప్రింటింగు మిషను, గోడ నిండా నమూనా శుభలేఖలు. కంప్యూటర్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫొటోషాప్, కోరల్‌డ్రా, లెక్కలకు ట్యాలీ. ఈ దేశంలో కంప్యూటరు కొన్న ప్రతివాడికీ ఎవరూ నేర్పకుండానే అబ్బిన జ్ఞానం ఒకటుంది: సీలో ఏమీ పెట్టకు, విండోస్ పోతే అన్నీ పోతాయి, డీలో పెట్టు. కనుక ఆ ఊరి పదేళ్ల పెళ్లిళ్లన్నీ డీలో ఉంటాయి. వినాయకుడు డీలో. పూర్ణకలశం డీలో. నాయకుడు నవ్వుతున్న ఫొటో డీలో, నాయకుడు దండం పెడుతున్న ఫొటో డీలో, పార్టీ మారాక కొత్త కండువాతో దిగిన ఫొటో కూడా డీలోనే, పక్క ఫోల్డర్లో.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ చేతులు దులిపేసుకుంది. ఇక సెక్యూరిటీ మరమ్మతులు ఉండవంది. షాపు ఓనరు ఎలాగూ తప్పదని ఒక ఎస్ఎస్‌డీ తెప్పించాడు. పాత డిస్కును ఉన్నచోటే ఉంచి, కొత్తదాన్ని పక్కన బిగించి, పెన్‌డ్రైవ్ పెట్టి కొత్త విండోస్ ఎక్కించాడు. స్క్రీను వెలిగింది. పాతదానికి ఐదు నిమిషాలు పట్టేది, ఇది గుక్క తిప్పుకునేలోపు లేచింది. ఓనరు ముఖంలో పండగ. అప్పుడే ఒకాయన వచ్చి, పోయినేడు పెద్దబిడ్డ పెండ్లికి వేసిన కార్డే చిన్నబిడ్డకూ కావాలన్నాడు, పేర్లు మారిస్తే చాలన్నాడు. పేజ్‌మేకర్‌లో ఆ ఫైలు తెరిస్తే అది ఒక్కటే ప్రశ్న వేసింది: వినాయకుడెక్కడ? తర్వాత కలశం ఎక్కడ? తర్వాత అరిటాకుల పందిరి ఎక్కడ? పేజ్‌మేకర్ బొమ్మను తనలో పూర్తిగా దాచుకోదు, అది ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్లో ఉందో దారి రాసుకుంటుంది. ఆ దారి డీతో మొదలవుతుంది. డీలోకి వెళ్లి చూస్తే అక్కడ పాత విండోస్ శవం పడుకుని ఉంది.

"అన్నా, డీల పెట్టిన పెండ్లిళ్లన్నీ పోయినయే!"

"పోలే తమ్మీ. డీ ఇప్పుడు ఈ అయింది. అన్నీ ఈల ఉన్నయ్ చూడు."

"ఎవడు మార్చిండు?"

"ఎవ్వడు మార్వలే. అదే మారింది."

ట్యాలీ కూడా అంతే. తన కంపెనీలేవీ కనపడటం లేదంది. ఫైళ్లు ఉన్నచోటే ఉన్నాయి. డిస్కులో ఒక్క బైటు కూడా పక్కకు జరగలేదు. అక్షరం జరిగింది, అంతే. ఆ ఒక్క అక్షరం జరిగినందుకు ఒక మనిషి రాత్రి రెండింటిదాకా కూర్చుని పదేళ్ల వినాయకులకు ఒక్కొక్కరికీ కొత్త ఇల్లు చూపించాలి.

చాలామందికి తెలియని సంగతి, తెలిసినవాళ్లు చెప్పని సంగతి ఏమిటంటే, ఆ అక్షరం డిస్కు మీద ఉండదు. డిస్కుకు తనదైన గుర్తు ఒకటి ఉంటుంది. పాత పద్ధతిలో నాలుగు బైట్ల సంతకం, కొత్త జీపీటీ పద్ధతిలో ముప్పై రెండు అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి నంబరు. విండోస్ తన రిజిస్ట్రీలో మౌంటెడ్ డివైసెస్ అనే పేజీ తీసి, ఫలానా గుర్తున్న ముక్కకు (పార్టిషన్‌కు) ఫలానా అక్షరం అని రాసుకుంటుంది. పట్వారీ పహాణీ అనుకోండి. భూమి భూమిలాగే ఉంటుంది, మడి కదలదు, బావి కదలదు, కాలమ్‌లో పేరు మారుతుంది. కొత్త విండోస్ వచ్చిందంటే కొత్త పట్వారీ కొత్త దస్తరంతో దిగాడని. పాత దస్తరం పక్క డిస్కులోనే ఉంది, చేయి చాపితే అందుతుంది, తెరిచి చదవడు. మొదటి పేజీలో "నేను సీ" అని రాసుకుని, మిగతా ముక్కలను నిలబెట్టి డీ, ఈ, ఎఫ్ అని వరసగా పిలుస్తాడు. పాత విండోస్‌ను లేపి అడిగితే అదీ "నేనే సీ" అంటుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న కాళేశ్వరంలో యముడెవరో శివుడెవరో పూజారికి తెలుసు. ఇక్కడ ఎవరు లేస్తే వాళ్లే సీ.

ఇదీ ఎంతో మెరుగుపడ్డాక వచ్చిన పరిస్థితి. డాస్ రాజ్యంలో ఈ మాత్రం దస్తరమైనా లేదు. అన్ని డిస్కుల ప్రైమరీ ముక్కలకూ ముందు అక్షరాలు, మిగిలినవాళ్లకు తర్వాత. రెండో డిస్కు తగిలిస్తే దాని ప్రైమరీ ముక్క తిన్నగా వచ్చి డీ అయిపోయేది, నిన్నటిదాకా డీగా బతికిన ముక్క తెల్లారేసరికి ఈ. ఎక్స్‌పీ కాలంలో ఇంకో వేడుక: కంప్యూటరుకు మెమరీ కార్డులు పెట్టే నాలుగు సందుల పెట్టె ఒకటి ఉంటే, ఆ ఖాళీ సందులే ముందు లేచి సీ, డీ, ఈ, ఎఫ్ పట్టుకునేవి. పాపం విండోస్ వెళ్లి జీలోనో హెచ్‌లోనో తలదాచుకునేది. కార్డు లేదు, కార్డులో ఫొటో లేదు, సందు మాత్రం అధికారికంగా సీ. సిబ్బంది రాకముందే బోర్డు తగిలించిన ఆఫీసు. పోనీ తర్వాత మార్చుకుందామా అంటే, సిస్టం ఉన్న ముక్క అక్షరం మార్చనివ్వం పొమ్మంటుంది విండోస్. మళ్లీ మొదటినుంచి ఎక్కించుకో అంటుంది.

ఈ తెలివి అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్‌మండ్‌లోనే పుట్టిందని మనం కుళ్లుకోనక్కరలేదు. మన దగ్గరా ఒక పెద్ద ఇన్‌స్టలేషన్ జరిగింది. 2016 అక్టోబర్ 11, దసరా రోజు. పది ముక్కల తెలంగాణ డిస్కు ముప్పై ఒక్క ముక్కలైంది. అందులో పాత వరంగల్ జిల్లా కథ ఈ శాస్త్రం చదువుకునేవాళ్లకు పాఠ్యపుస్తకం.

పాత ఎంబీఆర్ పద్ధతిలో ఒక డిస్కుకు నాలుగు ప్రైమరీ ముక్కలకు మించి కుదరవు. ఆగస్టు 22న వచ్చిన ముసాయిదాలో వరంగల్‌ను సరిగ్గా నాలుగు చేశారు: వరంగల్, హన్మకొండ, జయశంకర్, మహబూబాబాద్. రాసినవాడెవరో సిస్టం పద్ధతి తెలిసినవాడే. జనగామ ఒప్పుకోలేదు. బంద్‌లు చేసింది, రోడ్ల మీద కూర్చుంది, దీక్షలు పట్టింది. చివరికి ఐదో ముక్క వచ్చింది. వరంగల్, హన్మకొండలను విడదీస్తారా అని ఊరంతా కసిరితే వాటికి అర్బన్, రూరల్ అని పేర్లు పెట్టి, విడదీయనట్టు కనిపించేలా విడదీశారు. చేర్యాల మటుకు సిద్దిపేటకు పోయింది, బొమ్మలతో సహా.

తర్వాత అక్షరాలు. ఇక్కడ అంకెలు. పాత వరంగల్ బండ్లకు ఏపీ 36. రాష్ట్రం వచ్చాక టీఎస్ 03. జిల్లాలయ్యాక అర్బన్‌కు 03 ఉంచి, రూరల్‌కు 24, భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27. 2024 మార్చిలో టీఎస్ కాస్తా టీజీ అయింది. ఇప్పుడు జనగామలో నాలుగు బండ్లున్న ఒక ఇంటి వాకిట్లోకి వెళ్లండి. తాత స్కూటరు ఏపీ 36, పెద్దకొడుకు ఆటో టీఎస్ 03, చిన్నవాడి బైకు టీఎస్ 27, మొన్న కొన్న ట్రాక్టరు టీజీ 27. నాలుగూ ఒకే వేపచెట్టు కింద నిలబడి ఉంటాయి. ఏదీ ఊరు దాటి వెళ్లి తెచ్చుకున్న నంబరు కాదు. బయటి ఊరి ట్రాఫిక్ పోలీసు మాత్రం ఇంటాయన ఎన్నిచోట్ల కాపురం పెట్టాడోనని అనుమానంగా చూస్తాడు. (రైల్వేవాళ్లు జనగామ స్టేషనుకు ఎప్పుడో జెడ్ఎన్ అని కోడ్ ఇచ్చారు. అక్షరమాలలో చివరి అక్షరంతో మొదలుపెట్టారు గనుక ఇంకా వెనక్కి జరిపేందుకు చోటు లేదు, బతికిపోయింది. భూపాలపల్లికి స్టేషనే లేదు, కోడ్ గొడవా లేదు.)

మేడారం సంగతి చూడండి. 2016 ఫిబ్రవరిలో జాతర జరిగినప్పుడు సమ్మక్క సారలమ్మలది వరంగల్ జిల్లా. 2018లో జాతర జరిగినప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2019 ఫిబ్రవరి 17న ములుగు విడిపోయింది గనుక 2020 జాతరకు ములుగు జిల్లా. వరసగా మూడు జాతరలు, మూడు జిల్లాలు. తల్లులు గద్దె దిగి ఎక్కడికీ పోలేదు. చిలకలగుట్ట ఒక్క అడుగు జరగలేదు. జంపన్నవాగు ఉన్న దారినే పారుతోంది. పాత పుస్తకాలూ కరపత్రాలూ పట్టుకున్నవాళ్లకే ఎక్కడ చూసినా పేజ్‌మేకర్ అడిగిన ప్రశ్న.

అక్షరం వేరు, పేరు వేరు. విండోస్‌లో డ్రైవ్‌కు అక్షరంతోపాటు ఒక పేరు కూడా పెట్టుకోవచ్చు, సినిమాలు అనో పాటలు అనో. ఆ పేరుకూ లోపలున్న సరుకుకూ సంబంధం ఉండాలని చట్టమేమీ లేదు. ప్రొఫెసర్ జయశంకర్ పుట్టిన అక్కంపేట ఆత్మకూరు మండలంలో ఉంది. ఆయన పేరు పెట్టిన జిల్లాలో ఆత్మకూరు లేదు. 2016లో రూరల్‌కు పోయింది, ఇప్పుడు హన్మకొండలో ఉంది. ఆయన జిల్లా ఆయన ఊరికి రాలేదు, ఆయన ఊరు ఆయన జిల్లాకు పోలేదు. ఇక 2021 ఆగస్టులో జరిగిన పేరుమార్పిడి ముందు ఏ సాఫ్ట్‌వేరూ నిలబడదు. వరంగల్ అర్బన్ పేరు హన్మకొండ అయింది. వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది. అంటే పాత వరంగల్ నంబరైన 03 హన్మకొండ దగ్గర ఉండిపోయింది, వరంగల్ అనే పేరు 24 నంబరు మీదికి ఎక్కింది. కొత్తగా వచ్చిన గుమాస్తా ఎవరైనా పాత రికార్డులో "వరంగల్" అని చూసి అది ఏ వరంగలో చెప్పాలంటే ముందు తేదీ అడగాలి. తారీఖు చూడకుండా ఊరు చెప్పలేని జిల్లా మనకు తప్ప ఎవరికుంది?

విండోస్ ఒక్క పాపం మాత్రం చేయలేదు. ముక్కలను మూడు వేర్వేరు రాజ్యాల్లో కలపలేదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చిన ఉద్యోగ జోన్లలో జనగామ యాదాద్రి జోన్‌కు, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌కు, భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌కు పోయాయి. దేవుళ్లు ముగ్గురూ మంచివాళ్లే. కానీ నిన్నటిదాకా ఒకే జిల్లాలో బదిలీ అయ్యే పంతుళ్లు ఇప్పుడు ముగ్గురు దేవుళ్లకు వేర్వేరుగా మొక్కాలి. 2021 డిసెంబర్ 6న ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచే జీవో 317 వచ్చింది. సీనియర్లకు కోరుకున్న జిల్లా, జూనియర్లకు మిగిలిన జిల్లా. పుట్టిన ఊరు ఒక జిల్లా, ఉద్యోగం ఒక జిల్లా, భార్య ఉద్యోగం మరో జిల్లా అయినవాళ్లు ధర్నాచౌక్‌లో కూర్చున్నారు. కొత్త విండోస్ ఎక్కించాక పాత యూజర్ ఫోల్డరు తెరవబోతే, "దీన్ని తెరిచే అనుమతి మీకు లేదు" అని ఒక పెట్టె వస్తుంది. ఆ ఫోల్డరు మీదే, ఫొటోలు మీవే, ఫొటోల్లో ఉన్నది మీరే. ఆ పెట్టెలో కనీసం "కొనసాగించు" అని ఒక మీట ఉంటుంది. 317లో ఆ మీట కోసం పంతుళ్లు ఏళ్ల తరబడి వెతికారు.

ఇంతవరకూ చిల్లర పాపాలు. అసలు ఘోరం ముందుంది.

పాత డిస్కును పీకకుండా కొత్త డిస్కులో విండోస్ ఎక్కించారనుకోండి. సిస్టం మొత్తం కొత్త డిస్కులోకి వస్తుంది. కానీ కంప్యూటరు స్విచ్ వేయగానే ముందు చదవాల్సిన చిన్న ఫైళ్లుంటాయి, బూట్ ఫైళ్లు. వాటికోసం పాత డిస్కులో వంద మెగాబైట్ల చిన్న గది ముందే కట్టి ఉంటుంది. ఇన్‌స్టలేషన్ ప్రోగ్రాం ఆ గదిని చూసి, "ఉండనే ఉందిగా, ఇంకొకటి ఎందుకు?" అని బూట్ ఫైళ్లను అక్కడే పెట్టేస్తుంది. ఎవరికీ చెప్పదు. రోజూ కంప్యూటరు లేస్తుంది, అంతా కొత్త డిస్కు మహిమే అనుకుంటాం. మూడు నెలల తర్వాత, పాతదానితో ఇక పనేముంది అని దాన్ని పీకి బావమరిదికి ఇస్తాం. మర్నాడు పొద్దున నల్ల తెర. బూట్ అయ్యే డిస్కే లేదంటుంది. అయ్యా, వెయ్యి గిగాబైట్ల కొత్త డిస్కు కడుపులో పెట్టుకుని లేదంటావేమిటి అని అడిగితే, ఉంది, కానీ లేవడం ఎలాగో అది బావమరిది ఇంట్లో ఉంది.

జనగామ జిల్లా పుట్టింది 2016 దసరాకు. పోలీసులు? జిల్లా వచ్చాక కూడా జనగామకు ఎస్పీ రాలేదు. వరంగల్ కమిషనరేట్ కింద డీసీపీ వచ్చాడు. కోర్టు? 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యేదాకా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటికీ పెద్ద కోర్టు పాత వరంగల్ కోర్టే. కలెక్టర్ కూర్చునే సొంత భవనం? జనగామలో 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్‌లో 2023 జనవరి 12న. రైతుకు అప్పిచ్చే సహకార బ్యాంకు? వరంగల్ డీసీసీబీయే. పార్లమెంటు సభ్యుడు? 2008 నాటి పునర్విభజన పట్టిక ప్రకారం జనగామ నియోజకవర్గం భువనగిరి ఎంపీకి ఓటేస్తుంది, అదే జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి వరంగల్ ఎంపీకి వేస్తాయి. అక్షరం ఒక్క రోజులో ఇచ్చారు. లేచే ఫైళ్లు మాత్రం బావమరిది ఇంట్లోనే. పత్రికలవాళ్లు ఈ రహస్యం తొందరగానే కనిపెట్టారు. ఇప్పటికీ వార్త రాసేటప్పుడు "ఉమ్మడి వరంగల్ జిల్లా" అంటారు. విండోస్ పాత సామానంతా కట్టకట్టి "విండోస్.ఓల్డ్" అనే ఫోల్డర్లో పెట్టి, పది రోజులాగి తానే చెరిపేస్తుంది. మన "ఉమ్మడి"ని 2016 నుంచి ఎవరూ చెరపలేదు. చెరిపితే జిల్లా ఎడిషను పేజీలు లేవవని వాళ్లకు తెలుసు.

ఇన్ని మార్పుల్లో చలించనిది ఒక్కటే శాఖ, తపాలా. మహబూబాబాద్ 506101, జనగామ 506167, భూపాలపల్లి 506169. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్ పద్ధతిలో పాత వరంగల్ అంతటికీ 506 పడింది, అదే నేటికీ ఉంది. ఆంధ్రప్రదేశ్ పోయింది, తెలంగాణ వచ్చింది, ముప్పై ఒకటి అన్నారు, ముప్పై మూడు అన్నారు, అర్బన్ అన్నారు, హన్మకొండ అన్నారు. పోస్ట్‌మన్ తల ఎత్తి చూడలేదు. లైనక్స్‌వాళ్లు కూడా చాలాకాలం ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పిలిచి, కేబులు మార్చినప్పుడల్లా ఎవరు ఏనో ఎవరు బీనో తెలియక జుట్టు పీక్కుని, చివరికి డిస్కు ముక్క సొంత నంబరునే పట్టుకుని పిలవడం నేర్చుకున్నారు. బండి ఏ చెట్టు కింద ఉన్నా ఛాసిస్ నంబరు మారదన్నమాట. ఈ ఇంగితం తపాలా శాఖకు 1972లోనే ఉంది. మైక్రోసాఫ్ట్ దగ్గర ఆ నంబరు ఉండి కూడా, గాజు పెట్టెలో దాచిపెట్టి, మనిషి చేతికి మాత్రం అక్షరమే ఇస్తుంది.

ఆ అక్షరాలు మొత్తం ఇరవై ఆరే. జెడ్ దాటితే విండోస్‌కు ఏమీ రాదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ పదమూడు జిల్లాలను సరిగ్గా ఇరవై ఆరు చేసింది. అప్పుడు ఏ నుంచి జెడ్ దాకా ఒక్క అక్షరం వృథా కాకుండా, ఫ్లాపీల కుర్చీలతో సహా నింపేయగలిగేవాళ్లు. తెలంగాణ ముప్పై మూడు అందులో పట్టదు. మనకు విండోస్ కావాలంటే అ ఆ ఇ ఈలతోనే కావాలి. అప్పుడు జనగామకు "ఙ" పడుతుందని ఇప్పుడే చెప్పగలను. దానికోసం బంద్ కూడా జరుగుతుంది.

ఇంతకూ ఎవరి సొమ్ము ఖర్చయింది? అక్షరం ఇచ్చినవాడికి పైసా ఖర్చు లేదు. ఒక వరస కోడ్, ఒక పేజీ గెజిట్. దాన్ని నమ్మి అడ్రసు రాసుకున్నవాడిది ఖర్చంతా. షార్ట్‌కట్టు తెల్లకాగితమై కూర్చున్నప్పుడు, "ఈ ఫైలు మునుపు డీలో ఉండేది, నేనే దాన్ని ఈకి జరిపాను, ఇదిగో" అని ఒక్క ముక్క చెప్పడం విండోస్‌కు చేతకాక కాదు. పాత దస్తరం పక్కనే ఉంది, డిస్కు సంతకం కళ్లముందే ఉంది, రెండూ సరిపోల్చడం యంత్రానికి ఎంతసేపు? జరిపినవాడిదే బాధ్యత అని వాళ్లు అనుకోలేదు, అంతే. ఆధార్‌లో పాత జిల్లా, పట్టాదారు పాసుపుస్తకంలో కొత్త జిల్లా, పిల్లవాడి పదో తరగతి మెమోలో ఇంకో జిల్లా ఉన్న రైతును కౌంటరు ముందు నిలబెట్టి, "మూడూ మ్యాచ్ అయితలేవు, మార్పించుకొని రా" అన్నవాళ్లూ అనుకోలేదు. మార్చింది మేమే కదా అన్న మాట ఆ కిటికీ లోపలినుంచి ఎవరైనా అనగా విన్నారా?

ఒక్కడు మాత్రం బాగుపడ్డాడు. ఫ్లెక్సీ షాపువాడే. రాత్రి రెండింటిదాకా వినాయకుణ్ణి వెతికినవాడికి పొద్దున లేస్తే ఆర్డర్లే ఆర్డర్లు. జిల్లా అయితే బోర్డులు. రూరల్ పోతే బోర్డులు. టీఎస్ టీజీ అయితే లెటర్‌హెడ్లు, కవర్లు, రబ్బరు స్టాంపులు. స్టాంపులో "ఎస్" గీకి "జీ" చేసుకుందామనుకున్న పిసినారి ఆఫీసులూ ఉండేవేమో గానీ, రబ్బరు అందుకు ఒప్పుకోదు. పాత బోర్డులు ఊరికే పోలేదు. దుకాణాల ముందు ఎండకు అడ్డంగా, బర్రెల కొట్టం మీద వానకు అడ్డంగా వెల్లకిలా పడి ఉన్నాయి. నంబరేదైనా బర్రెకు నీడ పడింది.

ఆ షాపువాడు ఇప్పుడు పని నేర్చాడు. కొత్త డిస్కులో విండోస్ ఎక్కించాలంటే ముందు పాత డిస్కు తీగ పీకేస్తాడు. కొత్త డిస్కు ఒంటరిగా ఉంటే బూట్ ఫైళ్లు దాంట్లోనే పెట్టుకోక చస్తుందా? అది ఒంటికాలి మీద లేచి నిలబడ్డాకే పాతదాన్ని తగిలిస్తాడు. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఎవరైనా వచ్చి డీలో కూర్చుంటే ముందు వాళ్లను లేపి ఎక్కడో జెడ్ దగ్గర పడేసి, తన పెండ్లిళ్ల ముక్కకు తిరిగి డీ ఇస్తాడు. ఖాళీ చేయించకుండా ఇవ్వబోతే ఇవ్వదని తెలుసు. అప్పుడే పేజ్‌మేకర్ ముట్టుకుంటాడు. వినాయకుడు ఉన్నచోటే కనిపిస్తాడు. ఇదివరకే పాత డిస్కు బావమరిది పాలైన ఇళ్లకు వెళ్లి, పెన్‌డ్రైవ్‌తో లేపి, బీసీడీబూట్ అని ఒక్క వరస కొట్టి బూట్ ఫైళ్లను కొత్త డిస్కులోకి రప్పించడం కూడా నేర్చాడు. దానికి మూడొందలు తీసుకుంటాడు. జిల్లా కోర్టును వరంగల్ నుంచి రప్పించడానికి ఆరేళ్లు పట్టిందని ఎవరో అంటే, "నాకు చెప్పకపోయిండ్రా" అన్నాడట.

ఈ మధ్య భూపాలపల్లి వైపునుంచి ఒక సంఘంవాళ్లు వచ్చారు. వెయ్యి లెటర్‌హెడ్లు కావాలన్నారు. ఊరు వేశాడు, మండలం వేశాడు, పిన్ కోడ్ వేశాడు. జిల్లా దగ్గర ఆగి, ఏం వేయమంటారని అడిగాడు. వచ్చినవాళ్లలో పెద్దాయన కాసేపు ఆలోచించాడు.

"జిల్లా అని రాసి చుక్కలు పెట్టు తమ్మీ. పేరు మేమే పెన్నుతోని రాసుకుంటం."

చుక్కలు పెట్టాడు. రేటు తగ్గించలేదు.